గెడ్డ నుండి గోదావరి వరకు: విశాఖ నీటి చరిత్రలో సేద్యం

విశాఖపట్నం ఆధునిక చరిత్రను 1933లో ప్రారంభమైన రేవుతోను, 1966 నాటి ఉక్కు ఉద్యమంతోను ఘట్టాలుగా విభజించి చెప్పడం పరిపాటి. నగరం ఏ కాలంలో ఎంత దూరం నుండి నీరు తెచ్చుకొన్నదో పరిశీలిస్తే, పల్లెసీమల వైపు నుండి మరొక కాలక్రమం ఏర్పడుతుంది.

ఊరిపేర్లే తొలి ఆధారం. గాజువాక, హనుమంతవాక అన్న పేర్లలోని ‘వాక’కు ఏరు అని అర్థం, ముడసర్లోవలోని ‘లోవ’ కొండల నడిమి పల్లం. ఉత్తరాంధ్ర వ్యవహారంలో వాగును ‘గెడ్డ’ అంటారు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోటి ఉప్పునేలలను తవ్వి లోపలి రేవును నిర్మించారు. గాజువాక పేరు వింటే నేడు ఎవరికీ ఏరు స్ఫురించదు, కర్మాగారాలే స్ఫురిస్తాయి.

పాతపట్టణానికి ముడసర్లోవ నీరు చాలింది. నగరం పెరిగేకొద్దీ గోస్తని మీది తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, శారద పరీవాహకంలోని రైవాడ జలాశయాలు దానికి తోడయ్యాయి. వీటిలో తాటిపూడి, రైవాడలకు సొంత ఆయకట్టులున్నాయి. రైవాడ నీటిని పూర్తిగా సాగుకే కేటాయించాలన్న రైతుల కోరిక ఈనాటిది కాదు.

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలోని హక్కు ఆంధ్రులందరిదీ. ఆ వెడల్పులో కర్మాగారానికి భూములిచ్చిన గ్రామాల హక్కు, నీరిచ్చిన ఆయకట్టుల హక్కు విడివిడిగా వినిపించవు. అయినా ఈ రెండు నష్టాలూ ఒకే తీరువి కావు. భూమికి సర్వే నంబరు ఉంటుంది. నిర్వాసిత కుటుంబాలకు ఆర్‌-కార్డులు దక్కాయి, ఉద్యోగాల పోరాటానికి అవి ఆధారమయ్యాయి. నీటివాటా తగ్గడం మాత్రం వానలు తక్కువైన ఏట, కాలువ చివరి శివారు మళ్ళలో మొదట బయటపడుతుంది. దానికి కార్డు లేదు. ఉద్యమచరిత్రలో అది నమోదు కాకపోవడానికి ఇదొక ముఖ్యకారణం.

ఉక్కు కర్మాగారం కోసం నీటి అన్వేషణ జిల్లా సరిహద్దు దాటింది. సుమారు 150 కిలోమీటర్ల కాలువ ఏలేరు జలాశయాన్ని విశాఖతో కలిపింది. పిఠాపురం, పెద్దాపురం ప్రాంతాల వరిచేలు తరతరాలుగా ఆధారపడిన ఏరు అది. 2017లో ప్రారంభమైన పురుషోత్తపట్నం ఎత్తిపోతల పథకంతో గోదావరి నీరే ఏలేరుకు చేరసాగింది. ఈ దశలో లెక్క మరింత సున్నితమైనది. వరదకాలంలో తోడిన నీరు ఎలాగూ సముద్రంలో కలిసేదే; డెల్టాలో దాళ్వా వరి నిలిచి ఉన్న నెలల్లో ప్రతి తడికీ విలువ ఉంటుంది. కనుక ఎంత నీరు తోడారన్న దానికన్న ఏ నెలలో తోడారన్నదే పరిశోధకునికి ముందుగా కావలసిన ఆధారం.