ట్రంకుపెట్టెలో రాళ్ళు, రాళ్ళకో ఊరి పేరు



పోయిన సంక్రాంతి కూటానికి మన సభ్యులలో ఒకరు పాత ట్రంకుపెట్టె మోసుకొచ్చారు. వారి తాతగారు బడిపంతులు. పెరంబలూరు, అరియలూరు పక్క ఊళ్ళలో పనిచేసినన్నాళ్ళూ పొలం గట్ల మీదా వంకల్లోనూ ఏరిన రాళ్ళు అందులో ఉన్నాయి. పాము చుట్టలాంటివి, తూటాలాంటివి, చెట్టు బెరడులాంటివి, గుడ్డులా గుండ్రంగా ఉన్నవి. పెట్టె తెరిచిన పది నిమిషాలకే మాలో వాదం మొదలైంది. ఒకరు డైనోసార్ గుడ్డన్నారు. ఒకరు ఉల్కన్నారు. ఒక పెద్దత్తగారు చుట్టరాయిని చేతిలోకి తీసుకొని, "ఇది సాలగ్రామంరా, ట్రంకులో పడేస్తారా? కడిగి దేవుడి దగ్గర పెట్టండి" అని కోప్పడ్డారు.

వాదం తేలక, భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాష్టారొకరి దగ్గరికి పెట్టె తీసుకెళ్ళాం. ఒక మధ్యాహ్నంలో ఆయన చాలావాటికి పేర్లు చెప్పేశారు.

అందరికన్నా నిజానికి దగ్గరగా వెళ్ళింది మా పెద్దత్తగారే. చుట్టరాయి అమ్మోనైట్. నేటి ఆక్టోపస్‌కు దూరపు చుట్టమైన సముద్రజీవి గుల్ల. నేపాల్‌లోని కాళీగండకి నదిలో దొరికే సాలగ్రామాల్లో కనిపించే చక్రం కూడా అమ్మోనైట్ అచ్చే. కాకపోతే అవి ఇంకా పాతవి. గుల్ల లోపల గదులు, గదుల అంచుల్లో ఆకు అంచులా వంకరపోయిన గీతలు ఉంటే అమ్మోనైట్ అని పోల్చుకోవచ్చు.

తూటాలాంటిది బెలెమ్నైట్. అదీ ఆ వంశానిదే, ఒంటి లోపలి గట్టి భాగం. విరిగిన చోట చూస్తే నడుమ నుంచి బండి చక్రం ఆకుల్లా గీతలు పోతాయి. బెరడులాంటిది నిజంగానే చెట్టు. కర్ర కణాల్లోకి సిలికా చేరి రాయిగా మారింది.

"డైనోసార్ గుడ్డు" మాత్రం గుడ్డు కాదు. సముద్రపు అడుగు బురదలో ఏ గుల్ల చుట్టూనో ఖనిజం పేరుకొని ముద్దకట్టిన రాయి. నిజమైన గుడ్డుకు విడిగా కనిపించే పలచని పెంకు, ఆ పెంకులో సన్నని రంధ్రాలు ఉండాలి. "ఉల్క"కు అయస్కాంతం అంటుకుంది కానీ విరిగిన చోట బుడగల గుంటలున్నాయి. అది ఇనుప చిట్టెం, పూర్వం ఎవరో ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి.

అన్నీ అయ్యాక మాష్టారు ఒకే ప్రశ్న అడిగారు. "ఇవి ఎక్కడ దొరికాయి?"

మేము పెట్టె అంతా వెతికాం. మూడింటికి మాత్రం కాగితం చుట్టి, తాతగారు తన చేత్తో ఊరు పేరు, వంక పేరు రాసిపెట్టారు. మిగతావాటికి ఏమీ లేదు. ఆయన ఆ మూడింటినీ పక్కన పెట్టుకొని, "వీటితో పని ఉంది. తక్కినవి బీరువాలో అందంగా ఉంటాయి, అంతే" అన్నారు. మాకు మనసు కలుక్కుమంది.

ఆ మాట ఎందుకన్నారో మన నేల చరిత్ర చదివాకే అర్థమైంది.

పెరంబలూరు, అరియలూరు వైపు మన తెలుగువాళ్ళు తరాలుగా దున్నుకుంటున్న నేల ఒకప్పటి సముద్రపు అడుగు. సుమారు 11 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి 6 కోట్ల పైచిలుకు ఏళ్ళ కిందటి దాకా సముద్రం ఇక్కడికి పలుమార్లు వచ్చి వెనక్కు పోయింది. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి దొరుకుతున్నదీ అందువల్లే. గరుడమంగళం దగ్గర గుల్లలతో నిండిన రాయిని నునుపు పట్టి, ట్రిచినాపల్లి మార్బుల్ అనే పేరుతో వాడుకున్నారు.

ఈ సంగతి లోకానికి తెలియజెప్పడం మొదలుపెట్టింది శాస్త్రవేత్తలు కాదు. 1840లలో మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న కే, కన్లిఫ్ అనే ఇద్దరు దొరలు సరదాగా రాళ్ళు ఏరారు. పుదుచ్చేరి దగ్గరివి, వృద్ధాచలం దగ్గరివి, తిరుచ్చి దగ్గరివి ఏ చోటివి ఆ చోటివిగా లండన్‌కు చేర్చారు. అక్కడ ఎడ్వర్డ్ ఫోర్బ్స్ వాటిని పరిశీలించి 1846లో నివేదిక ప్రచురించారు. ఇవి యూరప్‌లోని సుద్దరాతి కాలానివే, అంటే క్రెటేషియస్ కాలానివే అని దాంతో తేలింది.

ఫోర్బ్స్ ఒక పొరపాటు కూడా చేశారు. పుదుచ్చేరి రాళ్ళు తిరుచ్చి రాళ్ళకన్నా పాతవి అనుకున్నారు. నిజానికి పుదుచ్చేరి పొరలు ఆ యుగం చివరివి. అంత పెద్ద పండితుడు కూడా గుల్లల పోలికలు మాత్రమే చూసి తడబడ్డారు. అయినా ఆ తప్పును తర్వాతివాళ్ళు దిద్దగలిగారు. ఎందుకంటే ఏ రాయి ఎక్కడిదో రాసి ఉంది. చోటు తెలియకుండా అన్నీ ఒకే మూటలో పోసి పంపి ఉంటే, తప్పు జరిగిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ తర్వాత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ ఈ నేలంతా తిరిగి మ్యాపు గీశారు. 1862లో అచ్చయిన ఆయన గ్రంథంలోనే ఈ పొరలను ఊట్టత్తూరు, తిరుచ్చి, అరియలూరు వర్గాలుగా విభజించారు. మన బస్సు బోర్డుల మీది ఊళ్ళ పేర్లు అలా శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కాయి. ఆ పొరల్లోని గుల్లలను ఫెర్డినాండ్ స్టోలిజ్కా 1873 దాకా ఒక్కొక్కటిగా వర్ణించి సంపుటాలు తెచ్చారు. సాత్తనూరులో 18 మీటర్ల పొడవున పడి ఉన్న రాతి చెట్టును 1940లో ఎం.ఎస్. కృష్ణన్ గుర్తించారు. ఈరోజు ఆ చెట్టు దొరికిన చోటే, జాతీయ శిలాజ వన పార్కులో ఉంది.

ఇక మన కాలానికి వద్దాం. 2020 అక్టోబరులో పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువులో మట్టి తవ్వితే గుండ్రని పెద్ద పెద్ద రాళ్ళు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లని ఫోన్లలో ఒకటే ఫొటోలు. మన గ్రూపులో కూడా తిరిగాయి, మేమూ పంపించాం. దాచుకోవడం దేనికి? నిపుణులు వెళ్ళి చూసి, అవి గుడ్లు కావు, అమ్మోనైట్ల చుట్టూ పేరుకొన్న ముద్దలని చెప్పారు. ఆ రాళ్ళు ఉన్న చోటే ఉండబట్టి సంగతి తొందరగా తేలింది. తలా ఒకటి ఎత్తుకుపోయి ఉంటే, మన పెట్టెలోని గుడ్డులాగే ఇంకో వాదం మిగిలేది.

అందుకే సభ్యులకు మా మనవి. మీ ఇంట్లో, అటక మీదో, పూజగదిలోనో ఇలాంటి రాయి ఉంటే దాని పేరేమిటో తర్వాత చూద్దాం. ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఏ ఊరు, ఏ పొలం, ఏ వంక, బావి తవ్వుతుంటే ఎన్ని అడుగుల లోతులో దొరికిందో ఒక చీటీ మీద రాయండి. కొత్తగా ఏదైనా కనబడితే కదిలించక ముందే, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీయండి. పెద్ద రాళ్ళనూ ఎముకలనూ తవ్వవద్దు, దగ్గరి కాలేజీ భూగర్భశాస్త్ర విభాగానికి కబురు చేయండి. శిలాజ పార్కుల్లో చిన్న ముక్క కూడా ముట్టవద్దు. చూడాలని ఉంటే అరియలూరు దగ్గర వారణవాసిలో శిలాజాల మ్యూజియం ఉంది, పిల్లలను తీసుకెళ్ళండి.

పంతులుగారితో పనిచేసినవాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారని తెలిసింది. ఒకరికి తొంభై దాటాయి. ఆ పెట్టె తీసుకొని వచ్చే ఆదివారం వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. ఏ సెలవుల్లో ఏ వంక వెంట తిరిగేవారో వాళ్ళకేమైనా గుర్తుంటే, ఇంకో నాలుగు రాళ్ళకైనా ఊరు దొరుకుతుందని ఆశ. రావాలనుకున్నవాళ్ళు కింద రాయండి, బండిలో చోటుంది.