కనురెప్ప ఆపరేషన్ తర్వాత వాపు, కమిలిన మచ్చలు: ఆధారాలు ఎంతవరకు?

జారిపోయిన పైరెప్పను ఎత్తడానికో, లోపలికి ముడుచుకుని వెంట్రుకలు గుచ్చుకుంటున్న రెప్పను సరిచేయించడానికో నాయుడుపేట వాళ్లు తిరుపతి, నెల్లూరు, చెన్నై ఆసుపత్రుల దారి పట్టాలి. చాలాసార్లు అదేరోజు ఇంటికి పంపేస్తారు. వాపు పెరిగేది ఇంటికొచ్చాకే. కాబట్టి ఇంట్లో చేసే ఉపచారాల్లో ఏది ఎంత పనిచేస్తుందో తెలియాలి.

రెప్ప చర్మం మందం ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ. కింద కొవ్వు దాదాపు ఉండదు, రక్తనాళాలు మాత్రం దట్టంగా ఉంటాయి. అందుకే కొద్దిగా రక్తం చిమ్మినా నల్లగా కనబడుతుంది. ఒకట్రెండు రోజుల్లో ఆ మచ్చ బుగ్గమీదికి దిగినా కంగారు అక్కర్లేదు. చాలామందిలో రెండు వారాల్లో తగ్గిపోతుంది.

అందరూ చెప్పేది ఐస్. 2015లో వెలువడిన ఒక నెదర్లాండ్స్ అధ్యయనంలో 38 మందికి ఒక రెప్పకే చల్లదనం ఇచ్చి, రెండోదాన్ని అలాగే వదిలేశారు. మొదటిరోజు నొప్పి కొంత తగ్గింది. వాపులో, కమిలిన మచ్చలో మేలు కనబడలేదు. హోమియో ఆర్నికాను 2010లో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసినా మచ్చ తగ్గలేదు. రెండూ చిన్న అధ్యయనాలే. తుది తీర్పు అనలేం. ఉపశమనం కోసం ఐస్ పెట్టుకోవచ్చు కానీ గుడ్డలో చుట్టి, కొద్దిసేపే. మొద్దుబారిన రెప్పకు చలి దెబ్బ తెలియదు.

తల ఎత్తుగా పెట్టి పడుకోవడం, వంగి బరువులెత్తకపోవడం శరీరధర్మం ప్రకారం సబబైన జాగ్రత్తలు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవాళ్లు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. స్టెంట్ ఉన్నవాళ్లు గుండె డాక్టర్‌ను అడగకుండా వాటిని సొంతంగా మానేస్తే ప్రాణానికే ముప్పు.

అసలు భయపడాల్సింది కంటి వెనక రక్తస్రావానికి. అందం కోసం చేసిన 2,69,433 రెప్ప ఆపరేషన్లపై 2004లో వచ్చిన సర్వే ప్రకారం సుమారు రెండు వేలలో ఒకరికి అది జరిగింది. సుమారు 22 వేలలో ఒకరికి చూపు శాశ్వతంగా పోయింది. అరుదే అయినా, చేరిన రక్తం కంటిమీద తెచ్చే ఒత్తిడిని గంటల్లోనే దింపాలి. నాయుడుపేట నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు. అందుకే మొదటి రాత్రి ఒకరు తోడుండాలి. బండి, ఆసుపత్రి ఫోన్ నంబరు సిద్ధంగా ఉంచుకోవాలి. డాక్టర్ కంటికి కట్టు వేయకపోతే, అప్పుడప్పుడూ రెండో కన్ను మూయించి గోడ క్యాలెండర్ అంకెలు చదివించాలి. నొప్పి తీవ్రమైనా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.