ఎనిమిది తీగలు, ఎనిమిది గణాలు



కంప్యూటరు అనగానే మనకు తెర, కీబోర్డు స్ఫురిస్తాయి. 1980ల నాటి కొన్ని గృహ కంప్యూటర్లలో ఆ రెంటికంటె విలువైనది, పైకి కనిపించనిది, మరొకటి ఉండేది. అది యంత్రం అడుగుభాగాన అమర్చిన తీగల ద్వారం. యజమాని తన మీటలను, తన దీపాలను స్వయంగా తగిలించుకొని, వాటి అర్థాన్ని తానే నిర్ణయించుకొనడానికి ఉద్దేశించినది. మన బడులలోకి వచ్చిన యంత్రానికీ ఆ ద్వారం ఉంది. ఈ టపా ఆ ద్వారం గురించి.

ఆ యంత్రం పేరు బీబీసీ మైక్రో. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ దానిని 1981 డిసెంబరులో వెలువరించింది. ప్రజలకు కంప్యూటరు అక్షరాస్యత కలిగించాలని బీబీసీ 1982 జనవరిలో ప్రారంభించిన టెలివిజను పాఠాలకు అది తోడు. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్ దాని రూపశిల్పులలో ముఖ్యులు. 1984లో మన ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకాన్ని ఆరంభించి, తొలి విడతలో సుమారు 250 పాఠశాలలకు ఈ యంత్రాలనే పంపింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ ‘యూనికార్న్’ అన్న పేరుతో వీటిని మన దేశంలోనూ తయారు చేసింది. అయితే ఇంత పెద్ద దేశానికి 250 బడులంటే, ఆమదాలవలస వంటి ఊళ్లలో అధిక సంఖ్యాకులకు అది పత్రికలో చదువుకొనే వార్త మాత్రమే.

ఇక ఆ ద్వారం స్వరూపం. ఇరవై మొనలు గల సంధానమది. అందులో ఎనిమిది తీగలు మన ఇష్టానికి విడిచినవి. ఏ తీగ వినాలో, ఏ తీగ పలకాలో ఒక సంఖ్య ద్వారా యంత్రానికి చెప్పవచ్చు. 65122 అనే చిరునామాలో ఆ సంఖ్యను రాయాలి. 65120 అనే చిరునామాలో తీగల స్థితిని చదవాలి, లేదా రాయాలి. బేసిక్ భాషలో ఒక్కొక్క పంక్తితో అయ్యే పని.

ఎనిమిది అనగానే ఛందస్సు చదివినవారికి గణాలు గుర్తుకు రాక మానవు. లఘువును 0 అని, గురువును 1 అని రాస్తే మూడక్షరాల గణాలు సరిగ్గా ఎనిమిది. నగణం 000, భగణం 100, మగణం 111. పింగళుని ప్రస్తారాన్ని వల్లెవేసినవాడికి కంప్యూటరు లెక్క పరాయిది కాదు.

ఒక పరికరాన్ని ఊహిద్దాం. మూడు తీగలకు మూడు మీటలు: లఘువు, గురువు, చెరుపు. ఒక్కొక్క తీగను రెసిస్టరు ద్వారా 5 వోల్టులకు కలిపి, మీట నొక్కినప్పుడు సున్న వోల్టులకు తగిలేటట్లు అమర్చాలి. మరి మూడు తీగలను 74138 అనే చిన్న డీకోడరు చిప్పుకు ఇస్తే, అది ఎనిమిది దీపాలలో ఒకదానిని వెలిగిస్తుంది. పలికే మూడు తీగల విలువలు 8, 16, 32. వాటి మొత్తం 56. మన వర్ణమాలకు సంప్రదాయం చెప్పే లెక్కా అదే! ఇది కాకతాళీయమే కాని, ముచ్చటైనది.

ఆ యంత్రపు తెర మీద తెలుగు లేదు. మనమే చుక్కలతో అక్షరాలు గీసుకోవచ్చు గాని, ఎనిమిది చుక్కల చతురస్రంలో తలకట్టుకు చోటిస్తే వత్తుకు చోటుండదు. అందువల్ల దీపాల కింద అట్టముక్కపై య, మ, త, ర, జ, భ, న, స అని చేతితో రాసుకోవడమే మేలు. పిల్లవాడు పద్యం చదువుతూ మీటలు నొక్కుతాడు. మూడేసి నొక్కులకు ఒక గణదీపం వెలుగుతుంది. న, జ, భ, జ, జ, జ, ర వరుసగా వెలిగితే 21 అక్షరాల చంపకమాల పాదం కుదిరినట్లే. ఒక చిక్కు ఉంది. మీట నొక్కినప్పుడు లోపలి రేకు క్షణకాలం వణకి, ఒక నొక్కు అనేకంగా వినబడుతుంది. సెకనులో యాభయ్యో వంతు ఆగి మళ్లీ చూడమని యంత్రానికి నేర్పితే సరిపోతుంది.

ఇందులో ఖరీదైన వస్తువేదీ లేదు. కొరవడినది ఆ ఊహ. కంప్యూటరు లెక్కల మేష్టారి సొత్తు, తెలుగు పండితుడికి దానితో పనిలేదు అన్నది ఆనాటి ఉపాధ్యాయుల గదుల్లో నేను తరచు విన్న మాట. 1990లలో బడులు ఐబీఎం తరహా యంత్రాలకు మళ్లాయి. చదువంటే సిద్ధంగా వచ్చిన కార్యక్రమాలను నడపడం అన్న భావన స్థిరపడింది. ఇతరులు అర్థం చెప్పిన మీటను నొక్కడం వేరు, మీటకు మనమే అర్థం చెప్పడం వేరు. మొదటిది వాడుక, రెండవది విద్య.

మా పొరుగున పొందూరులో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పనిముట్టు ఏ కర్మాగారం నుండీ రాలేదు. చేసే పని తెలిసినవారు, చేతికందిన దానిలో దువ్వెనను చూశారు. పనిముట్టును తనకు తగినట్లు మలచుకొనే బుద్ధి మన ప్రాంతానికి కొత్త కాదు.

ఆ ద్వారం మళ్లీ తెరుచుకుంది. 2012లో కేంబ్రిడ్జి నుండే రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. 2016లో బీబీసీ రెండు మీటలు, 25 దీపాలు గల మైక్రోబిట్‌ను బ్రిటను పిల్లల చేతుల్లో పెట్టింది. అదే ఏడాది మన దేశంలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం మొదలైంది. ప్రయోగశాల ఉన్న బడులలో సైన్సు మేష్టారితో పాటు తెలుగు మేష్టారు కూడా ఆ గదిలో అడుగుపెట్టాలని నా కోరిక. తీగలు తగిలించడం పిల్లలు ఇట్టే నేర్చుకుంటారు. ఆ తీగలతో ఏమి పలికించాలో చెప్పడానికి మన దగ్గర వేల ఏళ్ల సరకు ఉంది.