వారాల ఇంటి నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు దాకా

పేద విద్యార్థికి ఎప్పుడూ రెండు ఖర్చులు: ఒకటి తిండి, రెండోది ఫీజు. తెలుగునాట ఈ రెండూ ఒకే చేతి నుంచి అందిన కాలం తక్కువ.

ఇంగ్లీషు చదువులు వచ్చిన కొత్తలో పల్లె నుంచి పట్నం చేరిన బ్రాహ్మణ కుర్రవాడికి మొదటి ఆసరా వారాలు. ఏడు ఇళ్లు కుదుర్చుకోవాలి, వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. సోమవారం ఇంటివారికి మైల వచ్చినా, ఇల్లాలు పుట్టింటికి వెళ్లినా ఆ పూటకు మరో గడప వెతుక్కోవాలి, లేదా పస్తుండాలి. ఇంటి పనులు చేసిపెట్టి ఆ రుణం కొంత తీర్చుకునేవాళ్లూ ఉండేవారు. పెట్టేవారికి అది పుణ్యకార్యం. అయితే ఈ ఏర్పాటుకు కులం గోడ ఉంది. మాల మాదిగల పిల్లవాడికి అగ్రహారంలో వారం దొరికే మాటే లేదు. వారాల ఇల్లు కడుపు నింపేదే గాని ఫీజు కట్టేది కాదు. టంగుటూరి ప్రకాశం బాల్యమే ఇందుకు సాక్ష్యం. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపినా, కొడుకు పరీక్ష ఫీజుకు పట్టుబట్ట తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

ఫీజు దగ్గరికి వచ్చేసరికి దాతలు జమీందార్లు, సంస్థానాధీశులు. పిఠాపురం రాజా సూర్యారావు కాకినాడ కళాశాలను పోషించాడు, ఎందరో విద్యార్థులకు సాయం చేశాడు. 1895లో పదహారేళ్ల సరోజినీ చట్టోపాధ్యాయ, తరవాతి కాలపు సరోజినీ నాయుడు, నిజాం ఇచ్చిన ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్లింది. ఇలాంటి సాయానికి అర్హత పట్టిక ఏదీ ఉండదు. ప్రతిభతోపాటు దివాణం దాకా మాట చేరవేసే పెద్దమనిషి కావాలి. ఆ పెద్దమనిషి లేనివాడి ప్రతిభ ఊళ్లోనే ఉండిపోయేది.

హైదరాబాదులో పరిస్థితి వేరు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలంగాణ పల్లెల పిల్లలకు చదువు ఉన్నా నగరంలో తల దాచుకునే చోటు లేదు. అదే ఏడాది, తరవాత నగర కొత్వాలు (పోలీసు అధిపతి) అయిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు మొదలైంది. దానికి కార్యదర్శిగా పనిచేసినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ఒకరు. అదే దారిలో ఇతర కులాల హాస్టళ్లూ వెలిశాయి. తిండి, వసతి, గ్రంథాలయం ఒకే కప్పు కింద దొరకడంతో ఇవి చదువుకే గాక రాజకీయాలకూ పాఠశాలలయ్యాయి. కులానికి డబ్బున్నచోటే హాస్టలు నిలబడుతుందన్నది మాత్రం వాటి పరిమితి.

ఆ పరిమితిని దాటించింది ప్రభుత్వ ఖజానా. బరోడా మహారాజు సయాజీరావు ఇచ్చిన ఉపకారవేతనంతో 1913లో కొలంబియా వెళ్లిన అంబేద్కర్, వైస్రాయి కార్యవర్గ సభ్యుడయ్యాక షెడ్యూల్డు కులాల ఉన్నత విద్యకు నిధులు కోరాడు. 1944లో మెట్రిక్ అనంతర ఉపకారవేతనాలు మొదలయ్యాయి. కొన్నేళ్లకే గిరిజనులకూ, ఇతర వెనుకబడిన తరగతులకూ వర్తించాయి. దయ స్థానంలో హక్కు వచ్చింది. దాంతోపాటే కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, తహసీల్దారు సంతకం కూడా వచ్చాయి. పూర్వం వారాలకు ఇళ్లు తిరిగిన కుర్రవాడు ఇప్పుడు ఆఫీసులు తిరిగాడు.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగి ఫీజులు వేలల్లోకి వెళ్లాక పాత ఉపకారవేతనాలు ఏ మూలకూ చాలలేదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును, అంటే విద్యార్థి ఫీజును ఖజానా నుంచే కాలేజీకి చెల్లించే పథకాన్ని, విస్తృతంగా అమలు చేసింది. కూలీల, చిన్న రైతుల ఇళ్ల నుంచి మొదటి తరం ఇంజనీర్లు వచ్చారు. పథకాన్ని నమ్ముకుని కాలేజీలూ పుట్టుకొచ్చాయి. ఖజానా నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ సర్టిఫికెట్లు ఆపడం, బకాయిల కోసం యాజమాన్యాలు రోడ్డెక్కడం మామూలైపోయింది. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క తేలకపోతే నలిగేది విద్యార్థే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరవాత ఈ సాయం విద్యా దీవెన, వసతి దీవెన పేర్లతో రెండుగా విడిపోయింది. మొదటిది ఫీజుకు, రెండోది తిండికీ బసకూ. డిగ్రీ, ఆపై చదువులకు వసతి దీవెన కింద ఏడాదికి రూ.20,000 తల్లి ఖాతాలో వేయాలని నిర్ణయించారు. నెలకు లెక్కేస్తే రూ.1,700 కూడా కాదు. పట్నంలో ప్రైవేటు హాస్టలు మెస్సు బిల్లుకు అది చాలేది కాదు.