పేరు పెట్టుకున్న పాపానికి

సబ్బవరంలో మా అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అట్టలూడిన స్త్రీల పత్రికలు కొన్ని దొరికాయి. 1930ల నాటివి. వాటిలో రెండు కథలు నన్ను వదల్లేదు. ఒకదాని కింద ‘ఒక సోదరి’ అని ఉంది. రెండోదాని కింద రచయిత్రి ఇంటిపేరుతో సహా తన పేరు రాసుకుంది. రెండింటినీ స్కాన్ చేసి, అందరూ ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాలనుకున్నాను. చట్టం అడ్డొచ్చింది.

1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 50 ఏళ్ల దాకా హక్కులుండేవి. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో తీరిపోతుంటే, 1992లో దాన్ని 60 ఏళ్లకు పెంచారు. పేరు లేని రచనల లెక్క వేరు. రాసిందెవరో బయటపడకపోతే, అచ్చయిన 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. అంటే ‘ఒక సోదరి’ కథ ఎప్పుడో అందరిదీ అయిపోయింది. ధైర్యంగా పేరు పెట్టుకున్నావిడ కథ మాత్రం ఆవిడ ఎప్పుడు చనిపోయిందో తేలేదాకా కదలదు.

మన సాహిత్య చరిత్రలు ఎంతమంది స్త్రీల మరణ సంవత్సరాలు రాసిపెట్టాయి? భండారు అచ్చమాంబ 1905లో పోయారని మనకు తెలుసు. కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారు కావడం కూడా అందుకు కొంత కారణమేమో! ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను ఇవాళ వికీసోర్స్‌లో ఎవరైనా చదవొచ్చు. 1902 నాటి ఆమె ‘ధనత్రయోదశి’ అందుబాటులోకి వచ్చాకే కదా, 1910 నాటి ‘దిద్దుబాటు’ తొలి కథ ఎలా అవుతుందని మనం గట్టిగా అడగగలిగాం! కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1978లో పోయారు. ఆమె రచనలకు 2038 చివరి దాకా హక్కులున్నాయి. కనీసం ఎప్పటిదాకా ఆగాలో తెలుసు.

మా సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఈ కథే గుర్తొస్తుంది. రచయిత జాడ తెలియనప్పుడు అనుమతి తెచ్చుకునే దారి చట్టంలో లేకపోలేదు. దినపత్రికలో ప్రకటన వేయాలి, దరఖాస్తు పెట్టాలి, నిర్ణయించిన రాయల్టీ జమకట్టాలి. ఎనిమిది పేజీల కథ కోసం ఎవరు చేస్తారిదంతా?

ఆడవాళ్ల రాతకు కూలి అక్కర్లేదని నేననడం లేదు. అసలే ఊరికే రాయించుకుంటున్నారు మన చేత. కానీ హక్కు మనదైనప్పుడు, దాన్ని ఎప్పుడు, ఎంతవరకు వదులుకోవాలో మనమే రాసిపెట్టొచ్చు. చట్టం అందుకు వీలిచ్చింది. నా సిద్ధాంత గ్రంథం అచ్చువేసినప్పుడు, పేరు ఉంచి ఎవరైనా పంచుకోవచ్చని లోపలి పేజీలో రాస్తాను.

‘ఒక సోదరి’ కథ ఇంటర్నెట్‌లో పెట్టేశాను. రెండోది ఇంకా పెట్టెలోనే ఉంది. ఆ ఇంటిపేరు వాళ్లు ఎక్కడ తగిలినా అడుగుతున్నాను, ఆవిడ ఎప్పుడు పోయారని.