మన పురాణమును పలికిన గొంతులు

మన మహాసభల సంచికలలో మార్కండేయ మహర్షి వంశమును గూర్చియు, భావనాఋషి చరితమును గూర్చియు, నూటయొక్క గోత్రములను గూర్చియు వ్యాసములు ఏటేట వెలువడుచునే యున్నవి. అవి యుండవలసినవే. కాని అచ్చుయంత్రము మన యూళ్లకు రాకముందు తరతరములుగా ఆ కథలను మనకు వినిపించినవారు కూనపులివారు. వారి గొంతు ఏమైనదని విచారించినవారు అరుదు. ఏర్గట్లలో సమావేశమగు ఈ తరుణమున ఆ లోపమును కొంత తీర్పదలచితిమి. పాటను యంత్రమున పట్టు విద్య లోకమంతయు దిరిగి మన గడపకు ఎంత యాలస్యముగా వచ్చినదో, వచ్చియు ఏమి పట్టినదో, ఏమి విడిచినదో చెప్పుటయే మా యుద్దేశము.

పాట గాలిలో పుట్టి గాలిలో కలియుననుట 1877 వరకును సత్యమే. ఆ సంవత్సరమున అమెరికాలో ఎడిసన్ మహాశయుడు తగరపు రేకు చుట్టిన గొట్టముపై తన మాటను ముల్లుతో గీయించి మరల పలికించెను. కొలదికాలమునకే రేకు పోయి మైనపు గొట్టము వచ్చినది. అది పట్టునది రెండు మూడు నిమిషముల పాట మాత్రమే. ఐనను దానిని వెంటగొని వర్తకులతోబాటు పండితులును బయలుదేరిరి. 1890లో ఫ్యూక్స్ అను పండితుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున పాసమక్వాడీ యను ఆదివాసుల పాటలను పట్టెను. 1899లో వియన్నాలోను, 1900లో బెర్లిన్‌లోను ఇట్టి గొట్టములను భద్రపరచుటకు ప్రత్యేక భాండాగారములు వెలసెను. హంగరీ దేశమున బర్టోక్, కొడాయ్ అను నిరువురు సంగీత విద్వాంసులు 1906 నాటికి పల్లె పల్లె తిరిగి రైతుల చేతను, ముసలమ్మల చేతను ఆ యంత్రపు బూరలోనికి పాడించుకొనిరి. వారు యూరపులో పేరుమోసిన స్వరకర్తలైనను పశులకాపరి పాటను వినుటకు సిగ్గుపడలేదు. మన విద్వాంసులలో ఈ గుణము చాలకాలము కానరాలేదని చెప్పక తప్పదు.

మన దేశమున యంత్రము ముఖ్యముగా వర్తకుల చేతిలో నుండినది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున గైస్‌బర్గు దొర కలకత్తాలో దిగి గౌహర్ జాన్ మొదలగు గాయనుల పాటలను పట్టెను. ఆ ప్లేట్లు అచ్చగుటకు జర్మనీలోని హానోవరు పట్టణమునకు పోవలసియుండెను. పాట ముగియగనే ఆమె తన పేరును ఆంగ్లమున చెప్పెడిది. పరదేశపు పనివాండ్రు ఏ ప్లేటు ఎవరిదో గుర్తించుటకై అట్లు చెప్పించిరందురు. కారణమేదైనను, నూరేండ్లు గడచినను ఆ పాట పాడినదెవరో ఎవరికిని సందేహము లేదు. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ముందు దీనితో పని గలదు. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే కర్మాగారము వెలసినది. ప్లేటునకు ముడిసరకైన లక్క మన యడవులలో పుట్టినదే. లక్క మనది, గొంతు మనది, లాభము మాత్రము సముద్రము దాటెను.

తెలుగుభాష ఈ ప్లేట్ల కెక్కిన తీరును గమనింపదగును. తొలినాళ్లలో మన భాషను వినిపించినవారిలో పెక్కురు తమిళసీమను నివసించిన గాయనులు. సేలము గోదావరి, కోయంబత్తూరు తాయి వంటివారు త్యాగరాజాదుల కృతులను పాడిరి. పిమ్మట నాటకపు పద్యముల కాలము వచ్చినది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములును, స్థానం నరసింహారావుగారి సత్యభామ పాటయును గ్రామఫోను గల యింటనెల్ల మ్రోగెను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలును ప్లేట్లపై నిలిచినది. మదరాసున వి.ఏ.కె. రంగారావుగారు వేలకొలది ప్లేట్లను సేకరించి కాపాడకున్నచో వీనిలో నెన్ని నేటికి దక్కెడివో! అయితే ఏ పాటకు కొనువాడున్నాడో ఆ పాటయే ప్లేటున కెక్కెను. ప్లేటు ఒక ప్రక్క పట్టునది మూడు నిమిషములు. కృతి యొకటి, పద్యములు రెండు, హాస్యపు ముక్క యొకటి అందులో ఇముడును. రాత్రి ప్రొద్దుగూకి మొదలై తొలికోడి కూయువరకు సాగు కథ ఎట్లు ఇముడును? విద్యుచ్ఛక్తితో ముద్రించు పద్ధతి 1925లో వచ్చువరకు గాయకుడు బూరలోనికి మొగముపెట్టి పాడవలసినదే. డోలు గట్టిగా మ్రోగెనా, ముల్లు దారి తప్పెడిది. ఒగ్గుకథ వంటి దానికి ఆ గదిలో చోటెక్కడిది?

హైదరాబాదు రాజ్యమున 1935లో ప్రభుత్వము రేడియోను తన చేతిలోనికి దీసికొని దక్కన్ రేడియో పేర నడపినది. ఉర్దూదే పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడములకు మిగిలిన కాలము దక్కెడిది. 1950 ఏప్రిలులో అది ఆకాశవాణిలో కలిసెను. తరువాతి కాలమున జానపదులకు అందు చోటు పెరిగినమాట నిజమే. కాని గాయకుడు కేంద్రమునకు పోవలెను గాని కేంద్రము గాయకుని యూరికి వచ్చుట అరుదు.

ఆ గాయకుని యూరికే మనము పోదము. తెలంగాణమున ఒక్కొక్క కులమునకు దాని పురాణమును చెప్పు ఆశ్రితులు వేరువేరుగా గలరు. గొల్లలకు మందహెచ్చులు, ముదిరాజులకు కాకిపడగలు, గౌడులకు గౌడజెట్టిలు, మాదిగలకు డక్కలులు, చిందులు, విశ్వబ్రాహ్మణులకు రుంజలు. మనకు కూనపులివారును, సాధనాశూరులును. కూనపులివారి కథకు పటము ప్రాణము. నకాషీ చిత్రకారులు బట్టపై వ్రాసిన ఆ పటమును కట్టెకు వ్రేలాడదీసి, కథ నడచిన కొలది ఒక్కొక్క అంతస్తును విప్పుచు, కర్రతో చూపుచు, తాళము, మద్దెల, నేడు హార్మోనియముతో గానము చేయుదురు. పద్మనాభుని నాభికమలపు తూండ్లనుండి నూలు పుట్టుటయు, భావనాఋషి దేవతలకు వస్త్రములు నేయుటయు, ఆయన పులినెక్కుటయు, భద్రావతీ వివాహమును ఆ పటమున వరుసగా కానవచ్చును. నడుమనడుమ కథ నాపి ఎదుట కూర్చున్న గృహస్థుల గోత్రములు, పెద్దల పేర్లు ఎత్తి దీవింతురు. ఏ ఇంటివారు ఏ యూరినుండి వచ్చిరో ఇంటివారు మరచినను వారు మరువరు. ఏ కుటుంబము ఏ యూళ్లలో కథ చెప్పవలెనో మిరాసిగా పంచుకొనియున్నారు. గోదావరి యొడ్డున తడపాకల్ మొదలు ఇటు బాల్కొండ, ఆర్మూరు వరకు గల ఈ పసుపు సీమలో రైతు చేతికి కాసు వచ్చునది పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టిన పిమ్మటనే. కథకులకును వేసవి మొదలే అనువైన కాలము.

ఈ పటములను గూర్చిన ఆచారమొకటి మాకు మిక్కిలి వింతగా తోచును. పటము చీకిపోయినచో పారవేయరు. క్రొత్త పటమును వ్రాయించి, పాతదానికి తగిన పూజ జరిపి నదిలో విడుతురు. బట్ట పోయినను భయము లేదు. కథ గొంతులో భద్రముగా నున్నదని వారి నమ్మకము. కాలము ఆ నమ్మకమును తలక్రిందులు చేసినది. నేడు హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల మ్యూజియమున పాత పటములు అద్దముల చాటున చక్కగా నున్నవి. చేర్యాల చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. వాని నెదుట నుంచుకొని పాడిన గొంతులే నీటిపాలగుచున్నవి.

ఈ కథలను పట్టుకొను ప్రయత్నములు లేకపోలేదు. తొలుత కలముతో జరిగెను. బాయిల్ అను దొర 1874లోనే ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగాథలను గూర్చి వ్రాసి, మన తెలంగాణమువాడైన సర్వాయి పాపని కథను ఆంగ్లేయులకు తెలిపెను. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధించి 1958లో ప్రకటించిన తెలుగు జానపదగేయ సాహిత్యము ఈ శాస్త్రమునకే పునాది. గోదావరి కావలి గట్టున ఆదిలాబాదు అడవులలో 1940 దశకమున హైమెన్‌డార్ఫు పండితుడు గోండుల నడుమ నివసించి, వారి పురాణములను పాడు ప్రధానులనుండి కథలు సేకరించి 1948లో గ్రంథము వెలువరించెను. ప్రధానులు గోండులకు ఎట్టివారో కూనపులివారు మనకు అట్టివారు. వీరందరికిని మనము ఋణపడియున్నాము. కాని కాగితముపై రాగము నిలువదు. కథకుడు ఎచ్చట ఊపిరి పీల్చెనో, వంతపాటకాడు ఎచ్చట అందుకొనెనో, ఏ మాటకు ఆడవారు కంటనీరు పెట్టిరో అచ్చులో కనబడదు.

టేపు యంత్రము వచ్చిన పిదప గదా రాత్రి కథ రాత్రియంతయు పట్టుట సాధ్యమైనది! ఇందుకు తెలుగునాట ఉత్తమమైన ఉదాహరణము పల్నాడుది. అమెరికా పండితుడు జీన్ రొగైర్ పల్నాటి వీరుల కథను మాల కులస్థుడైన అలిశెట్టి గాలెయ్య నోట టేపున కెక్కించుకొని, ఆ పాఠమును అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయముద్వారా ప్రకటించెను. ఆ గ్రంథమున గాయకుని పేరు గలదు. మన సీమలో పటము కథలు, ఒగ్గుకథలు పరిశోధకుల టేపుల కెక్కలేదని కాదు. తెలుగు విశ్వవిద్యాలయము వరంగల్లున జానపద గిరిజన విజ్ఞాన పీఠమును నెలకొల్పినది. జయధీర్ తిరుమలరావుగారు మారుమూలల వాద్యములను, వాని నాదములను ప్రోగుచేసి మూలధ్వని పేర ప్రదర్శించిరి. అయినను ఆ టేపులు పరిశోధకులకే గాని, పాడినవారి మనుమలకు చేరుట అరుదు. ఇట్లే కానక్కరలేదని చెప్పుటకు ఒక నిదర్శనము గలదు. డచ్చి పండితుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణదేశమున తిరిగి పాటలు ముద్రించెను. 1984లో నజీర్ జైరజ్‌భాయ్, ఎమీ కాట్లిన్ దంపతులు ఆ ముద్రణలను చేతబట్టుకొని కర్ణాటక, కేరళములలోని ఆ యూళ్లకే మరల పోయి, నాటివారికిని వారి సంతతికిని వినిపించిరి. 1982లో మన దేశముననే నెలకొల్పబడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూటువారి సంగీత భాండాగారము కూడ, విదేశీయులు పట్టుకొనిపోయిన పాటల నకళ్లు ఇచ్చట ఉండవలెనను తలంపుతో పుట్టినదే.

క్యాసెట్టు రాకతో వర్తకుడు మరల ముందునకు వచ్చినాడు. ఈసారి బీదవాని చేతికిని యంత్రము చిక్కినది గనుక మేలే జరిగినది. మిద్దె రాములు, చుక్క సత్తయ్య ఒగ్గుకథలు హోటళ్లలోను, లారీలలోను వినబడెను. బీడీలు చుట్టుకొను మన ఆడపడుచుల ముంగిళ్లలో ఎల్లమ్మ కథ మ్రోగెను. భివండికి, షోలాపూరునకు, సూరతునకు మగ్గముల వెంట పోయినవారును, గల్ఫు దేశములకు పోయినవారును ఈ క్యాసెట్టులను పెట్టెలో పెట్టుకొని పోయిరి. మన జిల్లా అమ్దాపూరు వాస్తవ్యురాలు, చిందు భాగవతమున ఆడ, మగ వేషములు రెండును కట్టి హంస పురస్కారము పొందిన చిందుల ఎల్లమ్మ 2005లో గతించినది. ఆమె ఆట వీడియోలలో కొంత చిక్కినది. రాత్రియంతయు ఆమెను చూచిన మనవారికి ఆ కొంత యెంత కొద్దియో తెలియును.

ఇప్పుడు ప్రతివాని జేబులోను యంత్రమున్నది. కావున సర్వమును భద్రమైనదని తలచువారున్నారు. దర్శనం మొగిలయ్య చరిత్రమును వారు చూడవలెను. పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న, మియాసాబ్ కథలను పాడుచు ఆయన దశాబ్దములు ఊరూరు తిరిగెను. 2021లో చలనచిత్రపు పాట మొదట కొలది పంక్తులు పాడగనే ఆయన గొంతు లక్షలమంది చెవిని బడెను. 2022లో పద్మశ్రీ వచ్చెను.  లక్షలమంది వినినది ఆ కొలది పంక్తులనే. నూరేండ్ల క్రిందటి ప్లేటు మూడు నిమిషములైన ఇచ్చెడిది. నేటి ఫోను తెర దానిని ఇంకను కత్తిరించినది! ఏటేట బతుకమ్మ పండుగకు స్టూడియోలలో పుట్టు క్రొత్త పాటలకు కొదువలేదు. అవి మ్రోగునప్పుడు చప్పట్లు తట్టువారి కంఠములు మాత్రము వినబడుట లేదు.

కావున మన సభ దాతలకు మేము విన్నవించునది ఇది. ఈ సీమలో మిరాసి గల కూనపులివారిని పిలిపించి, మార్కండేయ పురాణమును ఎన్ని రాత్రులైన నన్ని రాత్రులు, పటము ముందర, జనము నడుమ, కోత పెట్టక ముద్రింపవలెను. స్టూడియో వలదు. గోత్రముల దీవెనలు, నడుమ వచ్చు చదివింపులు, పిల్లల ఏడ్పులు సైతము అందులో నుండనిండు. ఒక్కొక్క అంతస్తు విప్పినప్పుడు చిత్రమును, గొంతును కలిసియే పట్టవలెను. చిత్రము ఒకచోట, పాట ఒకచోట ఉన్నచో రెండును మూగవే. గాయకులకు కథకట్నము యథావిధిగా ముట్టుటయే గాక, ముద్రణమును వర్తకమునకు వాడుకొన్నచో అందును వారికి భాగముండునట్లు పత్రము వ్రాయవలెను. నకళ్లు మూడు చేసి, ఒకటి మార్కండేయ మందిరమునను, ఒకటి వరంగల్లు పీఠమునను ఉంచి, మొదటిది మాత్రము పాడిన కుటుంబమునకే ఈయవలెను. పటము కట్టిన వెంటనే, వినాయక ప్రార్థనకు ముందే, ప్రధాన కథకుడు తన పేరును, తండ్రి పేరును, గురువు పేరును, తన మిరాసి గ్రామముల పేర్లను స్వయముగా చెప్పవలెను. ఏర్గట్ల ప్రాంతమున పసుపు బస్తాల కెక్కు ఫాల్గుణ, చైత్ర మాసములు ఇందుకు తగిన కాలము.