కిటికీలున్న ప్రహరీ

మా ఫ్యాక్టరీ వెనుక ప్రహరీకి కిటికీలెందుకున్నాయని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. పాతవాళ్లు నవ్వి ఊరుకునేవారు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు కనుక ఆ సంగతే రాస్తున్నాను.

గోడలు, శ్లాబులు ఫ్యాక్టరీలో పోతపోసి, క్రేనుతో ఎత్తి ఇల్లు నిలబెట్టడం మన దేశానికి కొత్తేమీ కాదు. దేశ విభజన తరువాత ఇళ్ల కొరత తీర్చడానికి ఢిల్లీలో ప్రభుత్వమే ఇటువంటి ఫ్యాక్టరీ పెట్టింది. హిందుస్తాన్ హౌసింగ్ ఫ్యాక్టరీగా నడిచిన ఆ సంస్థ పేరు 1978లో హిందుస్తాన్ ప్రీఫాబ్ అయింది. ఈ పద్ధతికి ప్రాణం అతుకుల్లో ఉంది. 1968 మే 16న లండనులో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తున గ్యాస్ పేలి గోడ ఊడిపోతే ఆ మూలంతా కూలింది. నలుగురు చనిపోయారు. పేలుడు పెద్దదేమీ కాదు, గోడలకూ శ్లాబులకూ పట్టు చాలలేదు. మన దేశంలో పెద్ద ప్యానెళ్ల కట్టడాలకు ఐ.ఎస్. 11447 కోడ్ 1985లో వచ్చింది.

నేను చేరిననాడు ఒక్కొక్క ప్యానెలుకు ఒక్కొక్క ట్రేసింగు. కిటికీ, కరెంటు పెట్టె, ఎత్తే కొక్కేలు, వెల్డింగుకు ఇనుప ప్లేట్లు అన్నీ ఇంకుతో గీయాలి. తప్పు వస్తే సగం బ్లేడుతో గీకాలి. ఎదురెదురు ఫ్లాట్లలో ఒక గోడ రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ట్రేసింగును తిరగేసి, దానిమీద మరో కాగితం పరిచి గీసేవాళ్లం. తిరగేస్తే అక్షరాలు కూడా తిరగబడి కనిపించేవి కనుక ఏది అసలో ఏది ప్రతిబింబమో అనుమానం ఉండేది కాదు.

1982లో అమెరికాలో విడుదలైన ఆటోక్యాడ్ మా ఆఫీసుకు 1991లో వచ్చింది. ఏసీ గది, చెప్పులు బయటే విడవాలి! ఒకసారి గీసిన కొక్కేన్ని ‘బ్లాక్’గా దాచుకుంటే వంద ప్యానెళ్లలో పెట్టుకోవచ్చు. ‘మిర్రర్’ అని కొడితే కుడి గోడ ఎడమ గోడ అవుతుంది. అక్షరాలు తిరగబడితే చదవలేమని మిర్‌టెక్స్ట్ అనే అమరికను సున్నా చేసుకున్నాం. ఇక బొమ్మ తిరిగినా అక్షరాలు సరిగానే ఉండేవి. ఎంత మురిసిపోయామో!

1993లో ఒక గోడను బయటినుంచి చూసినట్లు గీశాను. అచ్చులో బయటి ముఖం కిందికి ఉంటుంది, పైనుంచి చూసే మేస్త్రీకి కనిపించేది లోపలి ముఖం. అందుకని మిర్రర్ చేసి దాచాను. మర్నాడు ఫైలు తెరిచి, చేయలేదనుకుని మళ్లీ చేశాను. అక్షరాలు చక్కగానే ఉన్నాయి. ‘లోపలి వైపు’ అని రాసి పంపాను. 14 ప్యానెళ్లు పోశారు. సైటులో మొదటిదాన్ని నిలబెడితే కిటికీ అవతలి మూలకు వచ్చింది. పక్క గోడ ప్లేట్లతో దీని ప్లేట్లు కలవలేదు.

అచ్చు తిరగేసి బిగించాడని మేస్త్రీకి మెమో ఇచ్చారు. ఆ సాయంత్రమే ఫైలు తీసి చూసుకున్నాను. తప్పు నాది. ప్రమోషన్ కాగితాలు కదులుతున్న రోజులు. మూడు రోజులు నోరు మెదపలేదు. నాలుగో రోజు ఇంజినీరుగారి గదిలోకి వెళ్లి చెప్పాను. మెమో వెనక్కి తీసుకున్నారు. నా ప్రమోషన్ రెండేళ్లు ఆగింది. ఆ 14 ప్యానెళ్లనూ వెనుకవైపు ప్రహరీగా నిలబెట్టారు.

ఆ మూడు రోజుల గురించి మేస్త్రీగారు నన్నెప్పుడూ అడగలేదు. కానీ అప్పటినుంచి ప్రతి ప్రింటూ పట్టుకొచ్చి, “బాబుగారూ, ఇది ఎటునుంచి చూసిన బొమ్మ?” అనేవారు. నేను చెప్పిన వైపు అచ్చుమీద సుద్దతో రాసుకుని వెళ్లేవారు.